ఆటో ఫార్మాటర్‌కు ఏ ఎడిటర్ మేలు? వీఎస్ కోడ్, విమ్, ఈమాక్స్, జెట్‌బ్రెయిన్స్

బ్లాక్ (పైథాన్), ప్రెట్టియర్ (వెబ్ భాషలు), గోఎఫ్ఎంటీ (గో), క్లాంగ్-ఫార్మాట్ (సీ, సీ++)... కోడ్ రూపాన్ని తమంతట తామే సర్దే ఈ ఆటో ఫార్మాటర్లతో టెర్మినల్‌లో నడిపినంతసేపూ పేచీ లేదు. కోడ్ ఇస్తే సర్ది ఇస్తాయి. ఎడిటర్‌కు తగిలించాకే తలనొప్పులు మొదలవుతాయి: నడుస్తున్నది ఏ వెర్షన్, ఎప్పుడు నడుస్తోంది, సర్దిన కోడ్ బఫర్‌లోకి (ఎడిటర్‌లో తెరిచి ఉన్న ఫైలు ప్రతిలోకి) ఎలా తిరిగొస్తోంది? ఎడిటర్లను ఈ మూడింటి మీదే పోల్చాలి. థీములూ షార్ట్‌కట్లూ తర్వాత.

వీఎస్ కోడ్‌లో మొదలుపెట్టడం అన్నిటికంటే తేలిక. ఎక్స్‌టెన్షన్ వేసి, సెట్టింగ్స్‌లో 'ఫార్మాట్ ఆన్ సేవ్' ఆన్ చేసి, ఆ భాషకు 'డిఫాల్ట్ ఫార్మాటర్' ఏదో చెబితే చాలు. ఈ చివరిది వదిలేస్తే, ఒకే భాషకు రెండు ఫార్మాటర్లున్న చోట ఏది వాడాలో తేలక సేవ్ చేసినా ఏమీ జరగదు. ఆటో సేవ్‌ను 'ఆఫ్టర్ డిలే'లో పెట్టుకున్నవాళ్లకు ఇంకో చిక్కు: దానంతటది సేవ్ అయినప్పుడు ఫార్మాటింగ్ జరగదు, చేత్తో కంట్రోల్+ఎస్ కొట్టాలి.

దీని అసలు బలహీనత వెర్షన్. చాలా ఎక్స్‌టెన్షన్లు తమ వెంట ఒక ఫార్మాటర్‌ను తెచ్చుకుంటాయి. ప్రెట్టియర్ ఎక్స్‌టెన్షన్ ప్రాజెక్టులో ఇన్‌స్టాల్ అయిన కాపీ కనిపిస్తే దాన్నే వాడుతుంది, కాబట్టి ఫర్వాలేదు. బ్లాక్ ఎక్స్‌టెన్షన్ మాత్రం మామూలుగా తన సొంత కాపీనే నడుపుతుంది. ప్రాజెక్టులోని కాపీ నడవాలంటే 'ఇంపోర్ట్ స్ట్రాటజీ' సెట్టింగ్‌ను ఎన్విరాన్‌మెంట్ (ప్రాజెక్టు ప్యాకేజీలు ఉండే చోటు) వైపు మార్చాలి. బ్లాక్ తన స్టైల్‌ను ఏడాదికోసారి, ఆ ఏడాది మొదటి రిలీజ్‌లో మార్చుకోగలదు. ఒకరి దగ్గర 23వ వెర్షన్, ఇంకొకరి దగ్గర 24వది ఉంటే ఒకే ఫైలు వాళ్లిద్దరి కమిట్ల మధ్య అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది.

విమ్‌లో ఈ బాధ తక్కువ. పాత్‌లో (ప్రోగ్రాములను వెతికే ఫోల్డర్ల జాబితాలో) ఏది ముందుంటే అదే నడుస్తుంది, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ ఆన్ చేసి విమ్ తెరిస్తే సరైనదే దొరుకుతుంది. ఇక్కడి గండం బఫర్ దగ్గర. అందరూ మొదట పట్టుకునే దారి :%! పక్కన ఫార్మాటర్ కమాండ్ పెట్టడం. కోడ్‌లో ఒక బ్రాకెట్ తప్పినా ఫార్మాటర్ కోడ్‌కు బదులు ఎర్రర్ మెసేజ్ ఇస్తుంది, విమ్ దాన్నే ఫైలంతటి స్థానంలో కుమ్మరిస్తుంది. యు నొక్కితే వెనక్కొస్తుంది. కానీ ఇదే కమాండ్‌ను సేవ్‌కు ముందు నడిచే ఆటోకమాండ్‌లో పెట్టి ఉంటే ఆ ఎర్రరే డిస్క్ మీదికి ఎక్కుతుంది. అంతా బాగున్నప్పుడు కూడా బఫర్ మొత్తం మారుతుంది కాబట్టి కర్సర్, మార్కులు, ఫోల్డులు చెదురుతాయి.

విమ్ నుంచి పుట్టిన నియోవిమ్‌లో కన్‌ఫార్మ్ ప్లగిన్ దీన్ని చక్కగా తీర్చింది. పాత కోడ్‌కూ కొత్త కోడ్‌కూ తేడా తీసి, మారిన చోట్లనే అతికిస్తుంది. ఫార్మాటర్ విఫలమైతే బఫర్ జోలికి పోదు. ఎల్ఎస్‌పీ (ఎడిటర్ లాంగ్వేజ్ సర్వర్‌తో మాట్లాడే పద్ధతి) ద్వారా ఫార్మాట్ చేసేవాళ్లు టైమవుట్ చూసుకోవాలి. మామూలుగా అది 1000 మిల్లీసెకన్లు. పెద్ద ఫైలుకు చాలకపోతే సర్దుబాటు కాకుండానే సేవ్ అయిపోతుంది.

ఈమాక్స్‌లో రెండు దారులు. సేవ్‌కు ముందు నడిచే హుక్‌లో గోఎఫ్ఎంటీలాంటి చురుకైనదాన్ని పెట్టొచ్చు. నెమ్మదైన ఫార్మాటర్‌ను అక్కడ పెడితే ప్రతి సేవ్‌కూ ఈమాక్స్ బిగుసుకుపోతుంది. అఫెలియా ప్యాకేజీ తీరు వేరు: ముందు సేవ్ కానిస్తుంది, ఫార్మాటర్‌ను వెనకాల నడుపుతుంది, ఈలోగా మీరు ఏమీ టైప్ చేయకపోతే తేడాలను అతికించి మళ్లీ సేవ్ చేస్తుంది. కర్సర్ కదలదు. నాలుగింటిలో అత్యంత మర్యాదస్థుడు ఇదే. మ్యాక్‌లో ఐకాన్ నొక్కి తెరిచిన ఈమాక్స్‌కు షెల్ పాత్ తెలియదు, అందుకే 'ఫార్మాటర్ దొరకలేదు' అంటుంది. దానికి ఎగ్జెక్-పాత్-ఫ్రమ్-షెల్ ప్యాకేజీ వేయాలి.

జెట్‌బ్రెయిన్స్ కంపెనీ ఎడిటర్లలో కంట్రోల్+ఆల్ట్+ఎల్ నొక్కితే నడిచేది సాధారణంగా వాటి సొంత ఫార్మాటర్. అది మంచిదే, జావాకు ముఖ్యంగా. టీమ్‌లో మిగతావాళ్లు వేరే ఎడిటర్లు వాడుతుంటే మాత్రం ఇది పనికిరాదు. అదే నియమాలు రాసినా లైను విరిచే చోట్లు కలవవు. వెబ్ ప్రాజెక్టులో ప్రెట్టియర్ సెట్టింగ్స్‌కు వెళ్లి 'రన్ ఆన్ సేవ్' టిక్ చేయాలి. జెట్‌బ్రెయిన్స్ వారి సీ, సీ++ ఎడిటర్ సీలయన్ అయితే ప్రాజెక్టులో క్లాంగ్-ఫార్మాట్ కాన్ఫిగ్ ఫైలు ఉంటే దాన్ని గుర్తిస్తుంది.

తలో ఎడిటర్ వాడే టీమ్‌లో కొత్తవాళ్లకు వీఎస్ కోడ్ చెప్పొచ్చు, వర్క్‌స్పేస్ సెట్టింగ్స్‌ను రిపోజిటరీలోనే పెట్టి. రోజంతా వేల లైన్ల ఫైళ్లలో ఉండేవాళ్లకు కన్‌ఫార్మ్ లేదా అఫెలియా మేలు. ఏది వాడినా ఫార్మాటర్ వెర్షన్‌ను ప్రాజెక్టు డిపెండెన్సీల్లో అంకెతో సహా బిగించి, సీఐలో (కమిట్లను దానంతటదే పరీక్షించే వ్యవస్థలో) చెక్ మోడ్‌లో, అంటే కోడ్ మార్చకుండా తేడా ఉంటే చెప్పే తీరులో, నడపాలి.

పాత ప్రాజెక్టులో సేవ్‌కు ఫార్మాట్ పెట్టేముందు ఒక్క క్షణం ఆగండి. రెండు లైన్ల మార్పుకు నాలుగు వందల లైన్ల డిఫ్ (మార్పుల జాబితా) రావచ్చు. వీఎస్ కోడ్‌లో 'ఫార్మాట్ ఆన్ సేవ్ మోడ్'ను 'మాడిఫికేషన్స్'కు మార్చొచ్చు, కానీ ఎంచుకున్న భాగాన్ని మాత్రమే సర్దగల ఫార్మాటర్లతోనే అది పనిచేస్తుంది. లేదంటే ఒకేసారి అంతా ఫార్మాట్ చేసి, వేరే మార్పేదీ కలపకుండా ఒకే కమిట్‌గా వేసి, ఆ కమిట్ హ్యాష్‌ను ఒక ఫైల్లో రాయండి. గిట్ 2.23 నుంచి ఏ లైను ఎవరు రాశారో చెప్పే బ్లేమ్ కమాండ్‌కు ఆ ఫైలు చూపిస్తే ఆ కమిట్‌ను దాటేసి, లైను అసలు రాసినవాళ్ల పేరే చూపిస్తుంది.