విశాఖ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ: మా చెల్లికి దొరికిన ఉచిత లాయర్

మా చెల్లి రెండేళ్ల పాపతో అత్తారింటి నుంచి గాజువాకలో మా ఇంటికి వచ్చేసి ఏడాది దాటింది. మొదట ఎవరో చెప్పారని ఒక ప్రైవేటు లాయర్‌కి 40 వేలు కట్టాం. ఆరు నెలల్లో ఆయన చేసిందల్లా ఒక్క నోటీసు పంపడం, ఫోన్ చేస్తే "చూద్దాంలేమ్మా" అనడం. ఆ టెన్షన్‌కి చెల్లి సగమైపోయింది.

తర్వాత పక్కింటావిడ చెబితే జిల్లా కోర్టు దగ్గరి న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లాం. నేనైతే వద్దన్నాను, చెల్లికి బట్టల షాపులో 14 వేల జీతం వస్తోంది కదా, ఉచితంగా మనకెందుకిస్తారులే అని. తీరా వెళ్తే 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధమే లేదన్నారు. అర్జీ, ఆధార్ జిరాక్స్ ఇచ్చాం, లాయర్‌ని పెట్టారు.

ఆవిడ పని చూశాక ఇది రాయకుండా ఉండలేకపోయాను. మనోవర్తి పిటిషన్ కోసం చెల్లి "పాప ఖర్చు నెలకి 5 వేలు" అని ఒక్క ముక్క రాసుకెళ్లింది. లాయర్ గారు ఆ కాగితం పక్కన పెట్టి, "రోజుకి పాలు ఎన్ని ప్యాకెట్లమ్మా?" అని మొదలుపెట్టి డైపర్లు, మందులు, చెల్లి డ్యూటీకి వెళ్లినప్పుడు పాపని చూసుకునే ఆవిడకిచ్చే డబ్బు, అన్నీ ఒక్కొక్కటిగా రాయించారు. 8,700 తేలింది! 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల భార్యాభర్తలిద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పులు అఫిడవిట్‌లో చూపించాలట, మనోవర్తి కూడా పిటిషన్ వేసిన తేదీ నుంచే లెక్కట. అది విన్నాక కడుపు మండింది, పిటిషనే వేయకుండా గడిచిన ఆ ఆరు నెలలు మాకు పోయినట్టే కదా.

విడాకులు తీసుకోమని గానీ, సర్దుకుపొమ్మని గానీ ఆవిడ ఒక్క మాట అనలేదు. ఇద్దరూ ఒప్పుకుంటే హిందూ వివాహ చట్టం సెక్షన్ 13బి కింద విడాకులకి వేయొచ్చు, మధ్యలో ఆరు నెలల గడువుంటుంది, 2017 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత కోర్టు అనుకుంటే అదీ తగ్గించొచ్చు, ఒప్పుకోకపోతే మాత్రం చాలాకాలం పడుతుంది అని ఉన్నదున్నట్టు చెప్పారు. కేసు ఇంకా నడుస్తోంది, కానీ చెల్లి ఇప్పుడు వాయిదాకి ఒక్కతే వెళ్లి వస్తోంది.

వెళ్లేవాళ్లు పెళ్లి ఫొటో, శుభలేఖ, పిల్లల బర్త్ సర్టిఫికెట్, బ్యాంకు స్టేట్‌మెంట్ పట్టుకెళ్లండి. ముందుగా ఏమైనా అడగాలంటే 15100కి ఫోన్ చేయండి. సంస్థ పెట్టే లాయర్‌కి మీరు ఫీజు ఇవ్వక్కర్లేదు.