షెవర్లే 350కి హెడర్ గాస్కెట్: ఏది నిలుస్తుంది, ఏది కాలిపోతుంది

షెవర్లే వారి చిన్న బ్లాకు వీ8 ఇంజన్ 1955లో మార్కెట్లోకి వచ్చింది. అందులో 350 ఘనపుటంగుళాల రకం 1967 కమారోతో మొదలైంది. అమెరికాలో పాత కార్లను సొంత గ్యారేజీలో బాగుచేసుకునే వారి దగ్గర ఈ ఇంజన్ ఇప్పటికీ విరివిగా కనిపిస్తుంది. ఆ మోజు ఇక్కడి తెలుగువాళ్లలోనూ కొందరికి పట్టింది. ఇంజన్ పొగను పోగుచేసి బయటికి పంపే పోత ఇనుప మానిఫోల్డు తీసేసి, దాని బదులు ఒక్కో సిలిండరుకు ఒక్కో గొట్టం ఉండే హెడర్లు బిగించినవారిలో చాలామందికి ఎదురయ్యే చికాకు ఒకటుంది. పొద్దున చల్లగా ఉన్న ఇంజన్ను స్టార్ట్ చేయగానే టిక్కు టిక్కుమని మొదలై, వేడెక్కేకొద్దీ సన్నగిల్లే శబ్దం అది. వాల్వులు శబ్దం చేస్తున్నాయేమోనని కవర్లు విప్పేముందు హెడర్‌కూ ఇంజన్‌కూ మధ్య పొగ లీకు కాకుండా పెట్టే గాస్కెట్ అంచున నల్లటి మసి చార ఉందేమో చూడడం మేలు. అల్యూమినియం హెడ్లు (సిలిండర్ల మీద మూతలా ఉండే భాగాలు), పొడవాటి గొట్టాల హెడర్లు ఉన్న నా 350 మీద వేర్వేరు రకాల గాస్కెట్లు వాడి చూశాక ఏర్పడిన అభిప్రాయాలను ఇక్కడ రాస్తున్నాను.

గాస్కెట్ పెట్టె మీద పెద్ద అక్షరాలతో కనిపించేది ఎంత వేడికి తట్టుకుంటుందన్న అంకె. నా ఉద్దేశంలో ఎంపికకు అది ఆఖరున చూడవలసిన విషయం. పూర్తి లోడు మీద పెట్రోల్ ఇంజన్ పొగ 800 డిగ్రీల సెల్సియస్ దాటినా, రెండు లోహాల మధ్య నొక్కుకుని, ఒకవైపు నీటితో చల్లబడే హెడ్‌కు అతుక్కుని ఉన్న గాస్కెట్ అంత వేడెక్కదు. దాన్ని అసలు దెబ్బతీసేది ఫ్లాంజ్ (హెడర్ గొట్టాలను హెడ్‌కు బిగించే ఉక్కు పలక) కదలిక. అర మీటరు పొడవున్న ఉక్కు ఫ్లాంజ్ చల్లని స్థితి కంటే 350 డిగ్రీలు వేడెక్కితే సుమారు 2 మిల్లీమీటర్లు సాగుతుంది. అదే పొడవున్న అల్యూమినియం హెడ్ 80 డిగ్రీలు మాత్రమే వేడెక్కుతుంది కాబట్టి, ఆ లోహానికి సాగే గుణం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు ఉన్నా, ఒక మిల్లీమీటరులోపే సాగుతుంది. అంటే స్టార్ట్ చేసి ఆపిన ప్రతిసారీ గాస్కెట్ రెండు ముఖాలూ ఒకదానితో ఒకటి, మొత్తం పొడవు మీద మిల్లీమీటరుకు పైగా తేడాతో, ఒరుసుకుంటాయి. ఈ రాపిడికి చిరగకుండా, ఫ్లాంజ్ వంకరకు తగ్గట్టు ఒదిగిపోగలిగినదే నిలుస్తుంది.

ఈ ఇంజన్‌కు మరో చిక్కు పుట్టుకతోనే ఉంది. ఒక్కో హెడ్‌లో నాలుగు ఎగ్జాస్ట్ పోర్టులు (పొగ బయటికి వచ్చే రంధ్రాలు) ఉంటే, మధ్యలోని రెండూ పక్కపక్కనే ఉంటాయి. వాటి మధ్య గాస్కెట్‌కు మిగిలేది సన్నని పట్టీ మాత్రమే, అదీ రెండు వైపుల నుంచీ కాలుతుంది. హెడర్లతో పాటు పెట్టెలో ఉచితంగా వచ్చిన గాస్కెట్‌ను విప్పి చూసినప్పుడు చివరి పోర్టుల దగ్గర అది కొత్తదానిలాగే ఉంది. మధ్య పట్టీ మాత్రం బూడిదై, లోపలి చిల్లుల రేకు నల్లగా బయటపడి, వేలితో తాకగానే పొడిపొడిగా రాలింది. హెడర్ కొన్నప్పుడు వచ్చే ఆ పలుచని నార గాస్కెట్‌ను కొలతలు చూసుకోవడానికి వాడుకుని పక్కన పెట్టేయడమే మంచిది.

దాని తరువాతి మెట్టు ఉక్కు రేకు చుట్టూ నార పదార్థం అతికించిన గాస్కెట్లు. ఫెల్-ప్రో వంటి పేరున్న కంపెనీల నుంచి ఇవి ప్రతి విడిభాగాల దుకాణంలోనూ దొరుకుతాయి, ధర తక్కువ. ఫ్లాంజ్ మందంగా, చదునుగా ఉంటే ఇవి చక్కగా పనిచేస్తాయి. అయితే వేడికి ఇవి కొద్దిగా కుదించుకుపోతాయి కనుక, ఇంజన్‌ను ఒకసారి బాగా వేడెక్కించి, పూర్తిగా చల్లారనిచ్చి బోల్టులు మళ్లీ బిగించాలి. ఆ పని వాయిదా వేసే అలవాటున్నవారికి ఈ రకం పనికిరాదు.

నాకు అన్నిటికన్నా నచ్చినది రెమ్‌ఫ్లెక్స్ వారి గ్రాఫైట్ గాస్కెట్. 1/8 అంగుళం, అంటే 3 మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ మందంతో వస్తుంది, బిగిస్తే దాదాపు సగానికి నలుగుతుంది. ఆ నలిగే గుణమే దాని బలం. వెల్డింగ్ వేడికి వంగిన ఫ్లాంజ్‌లో పోర్టుకూ పోర్టుకూ మధ్య ఉండే ఎగుడుదిగుళ్లను అది తనంతట తానే నింపుకుంటుంది. గ్రాఫైట్‌కు సహజంగా ఉన్న జారుడు స్వభావం వల్ల పైన చెప్పిన రాపిడిని కూడా చిరగకుండా భరిస్తుంది. మళ్లీ బిగించే పని లేదని కంపెనీ చెబుతుంది. నేను చల్లారాక రెంచి పెట్టి చూసినప్పుడు ఏ బోల్టూ కదలలేదు. 3000 డిగ్రీల ఫారెన్‌హీట్ వరకు తట్టుకుంటుందన్న ప్రకటనను మాత్రం విచక్షణతో చదవాలి. వేడిగా ఉన్న గ్రాఫైట్‌కు గాలి తగిలితే సుమారు 450 డిగ్రీల సెల్సియస్ దగ్గరే అది మెల్లగా ఆక్సీకరణ చెందడం మొదలవుతుంది కాబట్టి, పోర్టులోకి పొడుచుకువచ్చిన అంచు ఉంటే కాలక్రమేణా తరిగిపోతుంది. పైగా ఇది పెళుసు సరుకు. హెడర్‌ను కింది నుంచి ఇరికించేటప్పుడు మూల తగిలిందంటే అప్పడంలా విరుగుతుంది. ఒకసారి నలిగినది రెండోసారి పనికిరాదు కూడా.

దీన్ని వాడేవారు బోల్టు పొడవు తప్పక లెక్క చూసుకోవాలి. హెడర్లతో సాధారణంగా వచ్చే 3/4 అంగుళం బోల్టులో 5/16 అంగుళం ఫ్లాంజ్‌కు, 1/8 అంగుళం గాస్కెట్‌కు పోగా హెడ్‌లోని థ్రెడ్లను పట్టుకునేది మరో 5/16 అంగుళం మాత్రమే. అల్యూమినియంలో బిగించే 3/8 అంగుళం బోల్టుకు దాని మందానికి ఒకటిన్నర రెట్లు, అంటే 9/16 అంగుళం పట్టు ఉండాలని మెకానిక్కులు చెబుతారు. ఒక అంగుళం బోల్టు తీసుకుంటే ఆ లెక్క సరిగ్గా సరిపోతుంది. రంధ్రం లోతు చాలినంత ఉందో లేదో ముందుగా కొలిస్తే చాలు. గాస్కెట్ మీద బోలెడు ఖర్చు పెట్టి థ్రెడ్లు ఊడదీసుకోవడం కంటే ఈ చిన్న కొలత చవక.

హెడర్లను తరచూ విప్పేవారికి, ముఖ్యంగా డ్రాగ్ రేసులకు వెళ్లేవారికి, పర్సీస్ వారి సీల్-ఫర్-గుడ్ వంటి మెత్తని అల్యూమినియం గాస్కెట్ నయం. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది కదా అన్న సందేహం సహజమే. గాస్కెట్ రంధ్రం పోర్టు కంటే కాస్త పెద్దదిగా ఉండి, అంచు పొగ దారిలోకి రానంతవరకు కరిగే ప్రశ్న రాదు. విప్పినప్పుడు ముక్కలు కాకుండా పూర్తిగా ఊడి వస్తుంది, గీకుడు పని ఉండదు, మళ్లీ వాడుకోవచ్చు. గ్రాఫైట్ పూడ్చినంత వంకరను మాత్రం ఇది పూడ్చలేదు. రాగి గాస్కెట్ ఇంజన్ పొగ వేడికి భయపడదు. కానీ వాడేకొద్దీ గట్టిపడుతుంది, ప్రతిసారీ ఎర్రగా కాల్చి మెత్తబరచాలి. రోజూ నడిపే కారుకు అంత సేవ ఎందుకని నా అభిప్రాయం.

షెవర్లే కొత్త తరం వీ8లైన ఎల్ఎస్ ఇంజన్లున్నవారి సంగతి వేరు. వాటి పోర్టులు సమాన దూరాల్లో ఉంటాయి. కంపెనీ బిగించే పలు పొరల ఉక్కు గాస్కెట్ స్ప్రింగులా నొక్కుకుని ఏళ్ల తరబడి నిలుస్తుంది; రెండు వైపులా ముఖాలు చదునుగా, నునుపుగా ఉండడమే దానికి కావలసింది. ఎం8 (8 మిల్లీమీటర్ల) బోల్టులను మధ్య నుంచి బయటికి, మొదటి విడతలో 15, రెండో విడతలో 25 న్యూటన్ మీటర్లకు బిగించాలి. బలం ఉంది కదా అని అంతకు మించి లాగితే వెనుక చివరి బోల్టు తెగి హెడ్‌లోనే మిగిలిపోయే ప్రమాదం ఉంది.

ఏ రకం కొనాలో తేల్చుకోవడానికి ఒక స్ట్రెయిట్ ఎడ్జ్ (నిక్కచ్చిగా తిన్నగా ఉండే లోహపు బద్ద), ఒక ఫీలర్ గేజ్ (సందులు కొలిచే వేర్వేరు మందాల రేకుల కట్ట) చాలు. ఫ్లాంజ్ మీద స్ట్రెయిట్ ఎడ్జ్‌ను నిలబెట్టి పోర్టుల మధ్య సందులు చూడాలి. పావు మిల్లీమీటరు రేకు దూరకపోతే ఉక్కు రేకున్న నార గాస్కెట్ గానీ, అల్యూమినియం గానీ ధైర్యంగా వాడవచ్చు. అర మిల్లీమీటరు దూరితే గ్రాఫైట్ తీసుకోవాలి. ఒకటిన్నర మిల్లీమీటర్లు కూడా దూరితే ఏ గాస్కెట్టూ కాపాడదు, ఫ్లాంజ్‌ను మెషిన్ షాపుకు పంపవలసిందే. ఆ సందును రాగి రంగు సిలికాన్ పూతతో కప్పేద్దామనుకునేవారు, అటువంటి పూతలు ఎక్కువ భాగం 370 డిగ్రీల సెల్సియస్ దగ్గరే చేతులెత్తేస్తాయని గుర్తించాలి. ఫ్యూయెల్ ఇంజెక్షన్, ఆక్సిజన్ సెన్సర్ అమర్చుకున్నవారికి ఈ లీకు శబ్దంతోనే పోదు. పొగ అలల మధ్య ఏర్పడే ఖాళీలో బయటి గాలి లోపలికి పీల్చుకుపోయి, మిశ్రమంలో పెట్రోల్ తక్కువైందని సెన్సర్ చెబుతుంది. కంప్యూటర్ దాన్ని నమ్మి అవసరం లేకున్నా పెట్రోల్ పెంచుతుంది. అందుచేత ట్యూనింగ్‌కు డబ్బు కట్టే ముందే గాస్కెట్ సంగతి తేల్చుకోవడం మంచిది.