గేల్ బిలంలోని కొండ: నీళ్లు పేర్చిందా, గాలి పేర్చిందా?

అంగారకుడి మీద గేల్ అనే బిలం (ఉల్క గుద్దినప్పుడు పడ్డ గుంట) 154 కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. దాని నడుమ ఐదు కిలోమీటర్లకు పైగా ఎత్తున్న మౌంట్ షార్ప్ అనే కొండ ఉంది, కింది నుంచి పైదాకా పొరలే. 2012 ఆగస్టులో అక్కడ దిగిన నాసా చక్రాల బండి, క్యూరియాసిటీ రోవర్, 2014 నుంచి దీన్నే ఎక్కుతోంది. ఈ పొరలు నీటివా, గాలివా అని ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది ఒకటే: కొండలో ఏ ఎత్తు దగ్గర?

అడుగున ఉన్న పొరలకైతే సరస్సు అన్నదే మేలైన జవాబు. కొండ అడుగున పారంప్ హిల్స్ అనే చోట రోవర్ తీసిన ఫోటోల్లో బురదరాయి కాగితాల కట్టను పక్క నుంచి చూసినట్టు ఉంటుంది, ఒక్కో పొర కొన్ని మిల్లీమీటర్లే. అయితే సన్నటి ధూళిని గాలి కూడా మోసుకొచ్చి పరవగలదు కాబట్టి దీనొక్కదానితోనే తేల్చేయలేం. నన్ను ఒప్పించినవి ఇంకో రెండు. ఓల్డ్ సోకర్ అని పేరు పెట్టిన నాలుగడుగుల రాతి పలక మీద నెర్రెలున్నాయి, వేసవిలో చెరువు ఎండితే అడుగు బురద ఎలా బీటలు వారుతుందో అచ్చం అలాగే. ఇక రెండోది, నాసా 2023 ఫిబ్రవరిలో చూపించిన అలల గుర్తులు. గాలి చేసిన ఇసుక మడతలకు ఒకవైపు వాలు ఎక్కువ, రెండోవైపు తక్కువ ఉంటుంది. లోతులేని నీళ్లు ముందుకూ వెనక్కూ ఊగితే రెండు వైపులా సమానంగా వస్తాయి. ఇక్కడున్నవి రెండో రకం. అదీ, ఆ ప్రాంతం ఎండిపోతున్న కాలంలో పడ్డాయనుకున్న సల్ఫేట్ (ఒక రకం లవణం) పొరల్లో! ఆ ఫోటో నేను ఎన్నిసార్లు చూశానో.

మరి కొండంతా నీళ్లే పేర్చాయంటే? అక్కడే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. అలాగైతే బిలమంతా కిలోమీటర్ల మందాన మేట పడి, తర్వాత చుట్టూ కొట్టుకుపోయి నడుమ కొండ మాత్రం మిగలాలి. 2019లో పరిశోధకులు రోవర్‌లో దారి చూసుకోవడానికి పెట్టిన యాక్సిలరోమీటర్లతోనే (వేగంలో మార్పును కొలిచే పరికరాలు), ఎక్కేకొద్దీ గురుత్వం ఎలా మారుతోందో లెక్కగట్టారు. కింది రాళ్ల సాంద్రత ఘనపు మీటరుకు దాదాపు 1680 కిలోలని తేలింది, అంటే లోపల ఖాళీలు చాలా ఉన్నట్టు. నాలుగైదు కిలోమీటర్ల బరువు కింద నలిగి ఉంటే ఇంత గుల్లగా ఉండవు. 2013లోనే కొందరు, బిలం గోడల మీదుగా వీచే గాలులు ధూళిని నడుమ పోగేశాయని, పొరలు బయటికి కాస్త వాలి ఉండటమే దానికి ఆనవాలని అన్నారు. కింది పొరలకు ఆ మాట పొసగదు గానీ పై భాగానికి బాగానే సరిపోతుంది.

గాలి ఈ బిలంలో ఇసుకను పేర్చిందనడానికి దగ్గరి సాక్ష్యమూ ఉంది: స్టిమ్సన్ ఇసుకరాయి. సరస్సు పొరలు రాయిగా మారి, అరిగిపోయాక వాటి మీద పాకిన ఇసుక తిన్నెలవి, వాటి ఏటవాలు గీతలు ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తాయి. అగ్నిపర్వత బూడిద అనే వాదన కూడా ఉంది, పైన కొంత కలిసి ఉండొచ్చు, కానీ నెర్రెలు చూశాక అడుగు పొరలకు దాన్ని పెట్టలేను.

కాబట్టి నా ఓటు కింద సరస్సుకి, పైన గాలికి. కాకపోతే పైభాగానికి రోవర్ ఇంకా చేరలేదు, దాన్ని కక్ష్యలోంచే చూశాం, అందుకే అక్కడ గాలి అన్న మాటను, కింద సరస్సు అన్నంత గట్టిగా అనలేను.