పాత బండికి డిస్కు బ్రేకు బాగుచేయించిన అనుభవం: విజయనగరం రింగు రోడ్డు షెడ్డు

పదహారేళ్ళు నిండిన నా 150 సీసీ మోటారు సైకిలు గత వేసవిలో నన్ను బాగా భయపెట్టింది. అరకు నుంచి వస్తూ అనంతగిరి దాటి శృంగవరపుకోట వైపు ఘాటు రోడ్డు దిగుతుండగా ముందు డిస్కు బ్రేకు లివరు ఒక్కసారిగా మెత్తబడి హ్యాండిలుకు ఆనుకుపోయింది. వెనుక డ్రమ్ము బ్రేకును నమ్ముకుని రెండో గేరులో మెల్లగా దిగి, రోడ్డు పక్కన అరగంట ఆగేసరికి లివరు మళ్ళీ ఎప్పటిలాగే గట్టిపడింది. మరునాడు ఒక పెద్ద సర్వీసు కేంద్రంలో చూపిస్తే, అప్పటికి బ్రేకు బాగానే పడుతున్నందున ప్యాడ్లు (డిస్కును నొక్కి ఆపే దిమ్మలు), డిస్కు మార్చి రెండు వేలకు పైగా బిల్లు వేశారు. పది రోజులకే ముందు చక్రం దగ్గర మాడు వాసన మొదలైంది.

మిత్రుడు చెప్పగా విజయనగరం రింగు రోడ్డు పక్కనున్న చిన్న రేకుల షెడ్డుకు వెళ్ళాను. అక్కడి మేస్త్రి పానా పట్టుకునే ముందు అడిగిన ప్రశ్నలే నాకు నమ్మకం కలిగించాయి. లివరును రెండు మూడు సార్లు కొడితే గట్టిపడుతోందా, లేక పట్టి ఉంచితే మెల్లగా కిందికి జారుతోందా అని అడిగారు. మొదటిదైతే బ్రేకు ఆయిలు వెళ్ళే గొట్టంలో గాలి చేరినట్టు, రెండోదైతే మాస్టరు సిలిండరు (లివరు దగ్గర ఆయిలును నెట్టే భాగం) లోని రబ్బరు కప్పు అరిగినట్టు అనుమానించాలట. నా బండిలో ఆ రెండూ లేవు.

తరువాత ఆయన చేసిన పరీక్షను నేను పక్కనే కూర్చుని చూశాను. ముందు చక్రాన్ని పైకి లేపి, లివరు నొక్కి వదిలి, చేత్తో తిప్పితే చక్రం సగం చుట్టు కూడా తిరగలేదు. గుడ్డ చుట్టి మాస్టరు సిలిండరు దగ్గరి బోల్టు వదులు చేశారు. చక్రం అప్పటికీ బిగుసుకునే ఉంది. ఆ బోల్టు బిగించి, కింద క్యాలిపరు (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) మీద ఆయిలు వదిలే చిన్న నిపిల్‌ను పావు చుట్టు తిప్పగానే డికాక్షన్ రంగు ఆయిలు చిమ్మింది, చక్రం గిర్రున తిరిగింది. "గొట్టం లోపల పూడిపోనాది బాబూ, నొక్కితే ఎల్తాది గానీ ఎనక్కి రాదు" అన్నారు.

ఘాటులో జరిగినదంతా నాకు అప్పుడు అర్థమైంది. పైకి చక్కగా కనిపించే పాత రబ్బరు గొట్టం లోపల ఉబ్బి, ఆయిలును వెనక్కి రానీయనందున ప్యాడ్లు డిస్కును విడవకుండా రాసుకుంటూ వేడెక్కాయి. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం కొత్త బ్రేకు ఆయిలు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు; తేమ పట్టిన ఆయిలుకు ప్రమాణం 155 డిగ్రీలే. నాలుగేళ్ళుగా మార్చని నా బండి ఆయిలు ఆ వేడికి మరిగి ఆవిరి బుడగలు కట్టింది. ఆవిరి నొక్కుడుకు అణిగిపోతుంది కనుక లివరు మెత్తబడింది. చల్లబడగానే బుడగలు కరిగి, లోపం కనిపించకుండా పోయింది. ప్యాడ్లు మార్చినంత మాత్రాన ఇది పోయేది కాదు.

కొత్త గొట్టం వేసి, షెడ్డులో మూత తీసి ఉన్న ఆయిలు వాడకుండా, సీలు తీయని చిన్న డబ్బా నా చేతనే తెప్పించారు. నిపిల్‌కు పారదర్శకమైన ట్యూబు తగిలించి, బుడగలు పూర్తిగా ఆగేదాకా ఓపికగా ఎయిరు తీశారు. పెట్రోలు ట్యాంకు మీద ఒక చుక్క పడితే, రంగు లేచిపోతుందని పని ఆపి వెంటనే నీళ్ళతో కడిగారు. ఆ శ్రద్ధ నన్ను ఎంతో ఆకట్టుకుంది. అయితే బోల్టు దగ్గరి పాత రాగి వాషర్లనే మళ్ళీ వేయబోయారు; ఒకసారి నలిగిన వాషరు దగ్గర ఆయిలు కారే ప్రమాదం ఉంటుంది కాబట్టి నేను పట్టుబట్టి కొత్తవి వేయించాను. మీరూ అలాగే అడగండి. మొత్తం ఖర్చు పన్నెండు వందల లోపే అయింది. ముద్రించిన బిల్లు మాత్రం ఇవ్వరు.

కార్తీక వనభోజనాలకు మళ్ళీ అరకు వెళ్ళి అదే ఘాటు దిగాను. లివరు ఒక్క పిసరైనా మెత్తబడలేదు. మేస్త్రి ఒక్కరే పనిచేస్తారు కనుక, వెళ్ళేవారు ఉదయం పది లోపే చేరుకోవడం మంచిది.