డియర్ డేటా పద్ధతి: ఉద్దానంలో చాన్నాళ్లు వాడాక నా అభిప్రాయం

తెలియని వాళ్లకి ముందు రెండు ముక్కలు. జార్జియా లూపీ ఇటలీ నుంచి న్యూయార్క్ వెళ్లిన డిజైనర్, స్టెఫానీ పోసవెక్ అమెరికా నుంచి లండన్ వెళ్లిన డిజైనర్. 2014లో మొదలుపెట్టి 52 వారాలు, వారానికో విషయం చొప్పున (ఎన్నిసార్లు గడియారం చూశాం, ఎన్నిసార్లు థాంక్స్ చెప్పాం, దేనికి సణిగాం) ఎవరి లెక్క వాళ్లు రాసుకుని, దాన్ని చేత్తో బొమ్మగా గీసి పోస్టుకార్డుల మీద ఒకరికొకరు పంపుకున్నారు. ఈ పనికి వాళ్లు పెట్టుకున్న పేరే డియర్ డేటా. ముందువైపు బొమ్మ, వెనక ఆ గుర్తుల అర్థం. ఆ కార్డులు ఇప్పుడు న్యూయార్క్ మోమా మ్యూజియంలో ఉన్నాయి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి దగ్గర మా ఊళ్లో నేనూ ఇదే చేస్తున్నాను. మొదట్లో టీ ఎన్ని తాగాను, ఫోన్ ఎన్నిసార్లు తీశాను లాంటివి గీశాను. వాటితో ఒరిగిందేమీ లేదు, ఫోన్ లెక్క ఫోనే చెప్పేస్తుంది. కిడ్నీలు పాడై నాన్నకి డయాలసిస్ మొదలయ్యాకే దీని విలువ తెలిసింది.

డయాలసిస్ మనిషికి నీళ్లు కొలిచి ఇవ్వాలి. ఒక డయాలసిస్‌కీ ఇంకోదానికీ మధ్య బరువు బాగా పెరిగితే కాళ్ల వాపు, ఆయాసం. నేను ఇచ్చిన ప్రతి అర గ్లాసుకీ నీలం చుక్క, అడిగినా ఇవ్వలేనప్పుడు ఖాళీ సున్నా, డయాలసిస్‌కి సోంపేట వెళ్లిన రోజుకి నిలువు గీత పెట్టుకున్నాను. ఆదివారం కార్డు మీదకి ఎక్కిస్తే సున్నాలే ఎక్కువ. ఆసుపత్రి కాగితంలో తాగిన నీళ్లుంటాయి, బరువుంటుంది, దాహం ఎక్కడా ఉండదు. ఎండాకాలం సున్నాలన్నీ మధ్యాహ్నం దగ్గరే పోగుపడ్డాయి, అది చూశాక అమ్మ పొద్దున ఇచ్చే నీళ్లలో కొంత తగ్గించి మధ్యాహ్నానికి దాచడం మొదలుపెట్టింది. చెన్నైలో ఉన్న తమ్ముడికి కార్డులు పంపుతాను, ఫోన్‌లో "బానే ఉన్నాన్రా" అనే నాన్న నిజంగా ఎలా ఉన్నాడో వాడికి వాటిలోనే తెలుస్తుంది.

ఇలాగే సొంత లెక్క పెట్టుకున్న ఎల్లీ హారిసన్ అనే బ్రిటన్ కళాకారిణి 2001లో తన 22వ పుట్టినరోజు నుంచి ఏడాదిపాటు తిన్న ప్రతిదాన్నీ ఫొటో తీసింది, మొత్తం 1,640 ఫొటోలు. తర్వాత తన లెక్కలు పోగుచేసుకోవడం మానేసి అందరి సమస్యల వైపు తిరిగింది, రైల్వేలు మళ్లీ ప్రజల చేతికి రావాలని 2009లో ఉద్యమం పెట్టింది. ఆమె దారి నాకు చాలా నచ్చింది, కానీ ఉద్దానంలో సొంత లెక్క వదిలేయనక్కర్లేదు, ఇక్కడ మా ఇంటి లెక్కే పక్కింటిదీ. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో చాలా ఇళ్లలో కిడ్నీ రిపోర్టుల కవరు ఒకటి మేకుకి వేలాడుతుంటుంది. ఈ కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. మా దగ్గర పరీక్షలకని రక్తం తీసుకెళ్లిన వాళ్లున్నారు, ఆ అంకెలు మాకు అర్థమయ్యేలా వెనక్కి తెచ్చి చూపించిన వాళ్లని మాత్రం నేను చూడలేదు.

అందుకే సంక్రాంతికి వీధిలో ఒక పెద్ద చుక్కల ముగ్గు వేశాం. ఇంటికో చుక్క, రంగు ఆ ఇంటివాళ్లే వెయ్యాలి: బోరు నీళ్లు తాగితే ఎరుపు, హిరమండలం రిజర్వాయరు నుంచి పైపుల్లో వచ్చే కుళాయి నీళ్లయితే నీలం, టిన్ను కొనుక్కుంటే పసుపు. కొంతమంది సగం పసుపు, సగం ఎరుపు వేశారు. అడిగితే, టిన్ను నీళ్లు జబ్బు మనిషికీ పిల్లలకీ, వంటకీ తమకీ బోరేనట. ఇది ఏ సర్వే కాగితంలో పడుతుంది? మీటింగుల్లో నోరు విప్పని ఆడవాళ్లు ముగ్గు చుట్టూ నిలబడి గంటసేపు మాట్లాడుకున్నారు. నా కార్డులు కూడా అక్కడ పెట్టాను, ఎదురింటి ముసలమ్మ సున్నాల మీద వేలు పెట్టి "ఇదేటమ్మీ, మీ నాన్న ఇన్నిమార్లు నీళ్లడిగినాడేటి" అని, వాళ్లాయన సంగతి చెప్పడం మొదలుపెట్టింది.

ఇబ్బందులూ ఉన్నాయి. బొమ్మ వల్ల నీళ్లలో ఏముందో తెలియదు, దానికి ల్యాబ్ పరీక్షే కావాలి. క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తుందో చెప్పే రక్తపరీక్ష) అంకె ముగ్గులో పెడదామని ఎవరో అంటే వద్దన్నాం, పిల్లలకి సంబంధాలు చూస్తున్న ఇళ్లున్నాయి, ఆ అంకె బయటపడితే పెళ్లి ఆగిపోవచ్చు. యాభై పైసల పోస్టుకార్డు మీద స్కెచ్ పెన్ ఊరుతుంది, డ్రాయింగ్ షీటు కత్తిరించి కవర్లో పెట్టి పంపడం మేలు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఒక విషయం, మూడు గుర్తులు చాలు, లెక్క మాత్రం అప్పటికప్పుడే రాసుకోవాలి. ఇంట్లో మనిషి గురించి గీస్తుంటే ముందు ఆ మనిషిని అడగండి. నాన్న కొన్ని వారాలు వద్దన్నాడు, నేను గీయలేదు. కంచిలి, సోంపేట వైపు ఎవరైనా నీళ్ల ముగ్గు వేస్తే రంగులు మాత్రం ఇవే వాడండి, రెండు ఊళ్ల ఫొటోలు పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.