కంటిపాప చూసే మెషీన్: మూడేళ్లు వాడాక

హనుమకొండలో మేం ఆపరేషన్లు చేసే చోటికి ప్యూపిలోమీటర్ వచ్చి మూడేళ్లయింది. ధర చూసి అప్పట్లో వద్దన్నది నేనే. ఇప్పుడు అది సర్వీసుకి పోతే చేయి విరిగినట్టుంటుంది.

మత్తిచ్చాక రెప్ప ఎత్తి రబ్బరు కప్పు కంటి చుట్టూ ఆనిస్తే, లోపలి ఇన్‌ఫ్రారెడ్ కెమెరా కంటిపాప ఎన్ని మిల్లీమీటర్లుందో చూపిస్తుంది. ఫెంటానిల్ (ఆపరేషన్లో నొప్పి ఆపే మందు) పడితే పాప ముడుచుకుంటుంది, నొప్పి సంకేతం గట్టిగా పోతే మనిషికి స్పృహ లేకపోయినా విచ్చుకుంటుంది. కండరాలు సడలించే మందు ఇచ్చినా ఫరవాలేదు, పాపను కదిలించే కండరాల మీద అది పనిచేయదు. ఈథర్‌తో మత్తిచ్చే రోజుల్లో గ్యూడెల్ అనే మత్తు డాక్టరు చెప్పిన మత్తు దశల్లోనూ కంటిపాప గుర్తు ఉంది, ఇప్పుడు చేతిలో కొలత ఉంది, అంతే తేడా.

నర్సంపేట వైపు నుంచి ఒక పెద్దమ్మ వచ్చింది, పిత్తాశయంలో రాళ్లు, బీపీకి రోజూ మెటోప్రొలాల్ (గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మాత్ర). టేబుల్ మీద నా చేయి పట్టుకుని "నడుమ మెలకువ రాదు గద బిడ్డా" అంది. "రాదు పెద్దమ్మా, నీ తలకాడనే ఉంటా" అన్నాను. కెమెరా, పరికరాలు దూర్చే గొట్టాల్లో మొదటిది (పోర్టు) పొట్టలోకి వేసేటప్పుడు పల్స్ 64, బీపీ కదల్లేదు, అంతా బాగానే ఉందనిపించింది. కన్ను చూస్తే 2 మిల్లీమీటర్ల పాప 4 దాటింది! బీపీ మాత్ర పల్స్‌ను పట్టి ఉంచింది, నొప్పిని కాదు. 50 మైక్రోగ్రాముల ఫెంటానిల్ ఇచ్చాను, కాసేపటికి పాప మళ్లీ రెండున్నరకు వచ్చింది. ఆ రోజు నుంచి బీటా బ్లాకర్ వాడేవాళ్లకు దీన్ని పక్కన పెట్టుకోకుండా మొదలుపెట్టను.

తిరగేసి కూడా జరుగుతుంది. ఇలాంటి కెమెరా ఆపరేషన్లో చోటు కోసం కడుపులో గ్యాస్ నింపగానే బీపీ ఎగబాకుతుంది, ఇదివరకైతే అలవాటుగా ఇంకో డోసు ఫెంటానిల్ ఇచ్చేవాణ్ని. ఇప్పుడు పాప చిన్నగా, కదలకుండా ఉంటే ఆగుతాను. నా పేషెంట్లలో రికవరీలో వాంతులు, మగత తగ్గాయని మా సిస్టర్లే అంటున్నారు.

అయితే ఇది పేషెంట్ నిద్ర ఎంత లోతుగా ఉందో చెప్పదు, దానికి మెదడు తరంగాలు చూసే బిస్ మానిటర్ లాంటిది వేరే కావాలి. పెద్దమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు ఈ మెషీన్ దగ్గర లేదు, ఇది తెలియక కొంటే ప్రమాదం. అట్రోపిన్, కెటమిన్, మెటోక్లోప్రమైడ్ ఇచ్చినప్పుడు, ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లకు, కంట్లో చుక్కలు వేసినవాళ్లకు లెక్క తప్పుతుంది. బోర్లా పడుకోబెట్టే వెన్ను కేసుల్లో కన్ను అందనే అందదు. చూసిన ప్రతిసారీ రెప్ప మూసి టేపు వేయడం మరవకండి, కన్ను ఎండిపోతుంది.

రెండో ఏడాదికే మా కప్పు రబ్బరు గట్టిపడి వెలుతురు లోపలికి వచ్చేది, కొత్తది వచ్చేసరికి వారాలు పట్టింది. కొనేవాళ్లు రెండో కప్పు అదే బిల్లులో రాయించుకోండి.