కైమెరాఎక్స్‌లో మార్ఫ్: కొన్నేళ్లు పాఠాల్లో వాడాక

ఆక్సిజన్‌ను పట్టుకోగానే హిమోగ్లోబిన్ ఆకారం మారుతుందని బయోకెమిస్ట్రీ పుస్తకాలన్నీ చెబుతాయి. పక్కపక్కన రెండు బొమ్మలు వేస్తాయి, ఒకటి ఆక్సిజన్ లేనప్పటిది, మరొకటి ఉన్నప్పటిది. ఆ రెండింటికీ తేడా ఎక్కడుందో బొమ్మలు చూసి చెప్పగలిగిన విద్యార్థి నాకు ఇంతవరకు తారసపడలేదు. అణువుల నిర్మాణాన్ని కంప్యూటర్ తెర మీద త్రీడీలో చూపించే కైమెరాఎక్స్ సాఫ్ట్‌వేర్‌ను నేను వదలకుండా వాడుతున్నది ఈ ఒక్క చిక్కు తీర్చినందుకే. అందులో మార్ఫ్ అనే ఆదేశం ఉంది. రెండు నిర్మాణాలు చేతికిస్తే మొదటిది రెండోదిగా మారే దారిని అదే పూరిస్తుంది. రంగులు, నీడలు, మెరుపులు ఇలాంటి సాఫ్ట్‌వేర్లన్నింటిలోనూ ఉన్నవే కాబట్టి వాటి జోలికి పోను.

ప్రోటీన్ల నిర్మాణాలను భద్రపరిచే ప్రోటీన్ డేటా బ్యాంక్ నుంచి హిమోగ్లోబిన్ ఫైళ్లు రెండు, ఆక్సిజన్ లేని 2హెచ్‌హెచ్‌బీని, ఆక్సిజన్ ఉన్న 1హెచ్‌హెచ్‌ఓను తెరుస్తాను. హిమోగ్లోబిన్‌లో రెండు ఆల్ఫా, రెండు బీటా, మొత్తం నాలుగు ప్రోటీన్ గొలుసులుంటాయి. రెండో ఫైలులో సగం అణువే ఉంటుంది, ఒక ఆల్ఫా గొలుసు, ఒక బీటా గొలుసు. మిగతా సగాన్ని సిమ్ ఆదేశంతో రప్పించుకోవాలి. ఆ తర్వాత చేసే పనిలోనే అసలు ఫలితం ఉంది. రెండు నిర్మాణాల్లోనూ ఒక ఆల్ఫా-బీటా జంటను ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోబెట్టి దానికి బూడిద రంగు, రెండో జంటకు నారింజ రంగు వేస్తాను. ఇప్పుడు మార్ఫ్ నడిపితే బూడిద జంట దాదాపు ఉన్నచోటే ఉంటుంది, నారింజ జంట సుమారు 15 డిగ్రీలు తిరుగుతుంది. హిమోగ్లోబిన్ నిర్మాణాన్ని కనుగొన్న శాస్త్రవేత్త మాక్స్ పెరూట్జ్ 1970లో వివరించిన మార్పు కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. చాలామంది నాలుగు గొలుసులకూ నాలుగు రంగులు వేసి, అణువు మారుతుండగానే దాన్ని గిరగిరా తిప్పుతారు. తిరిగింది ప్రోటీనా, చూసే కోణమా అన్నది ఇక తెలియదు. నన్నడిగితే అది పాఠానికి ద్రోహమే.

ఒక ఏడాది ఎమ్మెస్సీ తరగతిలో జరిగింది మాత్రం నేను ఊహించనిది. చలనాన్ని స్లయిడర్‌తో మెల్లగా ముందుకీ వెనక్కీ జరుపుతున్నాను. వెనక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని అమ్మాయి లేచి, "సార్, మధ్యలో ఉన్న ఖాళీ ఇరుకైపోతోంది. అందులో ఏదైనా ఉంటే దాని గతేమిటి?" అని అడిగింది. ఎర్ర రక్తకణాల్లో ఉండే చిన్న అణువు 2,3-బీపీజీ పాఠం ఇంకా మొదలే పెట్టలేదు. ఆ అణువు సరిగ్గా ఆ ఖాళీలోనే, రెండు బీటా గొలుసుల నడుమ కూర్చుంటుంది. ఆక్సిజన్ చేరి ఖాళీ ఇరుకైతే బయటకు పోతుంది. బీపీజీ ఎక్కువైతే హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను తేలిగ్గా వదులుతుంది, ఎత్తైన కొండప్రాంతాలకు వెళ్లినవారి రక్తంలో అది పెరగడం అందుకే ఉపయోగపడుతుంది. నేను గ్రాఫు గీసి మొదలుపెట్టాల్సిన పాఠాన్ని ఆ పిల్ల కంటితో చూసి మొదలుపెట్టింది. ఆ గంట మొత్తం తరగతి నడిపింది విద్యార్థులే. నాకు అంత సంతోషం కలిగిన రోజులు తక్కువ.

అయితే వాడేకొద్దీ తెలిసిన సంగతులూ ఉన్నాయి. ప్రయోగంలో తేలినవి మొదటి, చివరి రూపాలు మాత్రమే. మధ్యలో కనిపించేదంతా లెక్కగట్టి అతికిన దారి, అణువు నిజంగా అలాగే నడిచిందని అర్థం కాదు. ఎంత నునుపుగా కదిలితే చూసేవారు అంత గట్టిగా నమ్ముతారు కాబట్టి ఆ మాటను తెర మీదే రాసి పెడుతున్నాను. పైగా మార్ఫ్ రెండు నిర్మాణాల్లోనూ ఉన్న పరమాణువులనే తీసుకుంటుంది. అంటే ఆక్సిజన్ గురించి చెప్పే వీడియోలో ఆక్సిజనే ఉండదు! చివర్లో అసలు 1హెచ్‌హెచ్‌ఓను మళ్లీ చూపించాల్సిందే. ఇక కథంతా మొదలయ్యే హీమ్ (ఆక్సిజన్‌ను పట్టుకునే, ఇనుము ఉన్న భాగం) దగ్గర ఇనుము జరిగేది సుమారు 0.4 ఆంగ్‌స్ట్రామ్ (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు). 50 ఆంగ్‌స్ట్రామ్‌లకు పైగా వెడల్పున్న అణువును తెర నిండా పెడితే అది ఎవరికీ ఆనదు. దానికి ఇనుముతో అతుక్కుని ఉండే హిస్టిడిన్ అనే అమినో ఆమ్లంతో సహా దగ్గరి దృశ్యం విడిగా తయారుచేయాలి.

ఒక కళాశాల సెమినార్ హాల్లో పాత కంప్యూటర్ కైమెరాఎక్స్‌ను మోయలేక మొరాయించింది. ప్రొజెక్టర్ వెలుతురుకు నా నారింజ రంగు వెలిసి బూడిదలో కలిసిపోయింది. అప్పటి నుంచి ఎంపీ4 వీడియోను ముందే సిద్ధం చేసుకుని, ముదురు నీలం వాడుతున్నాను. కాకపోతే వీడియోలో స్లయిడర్ సుఖం ఉండదు. ఆ అమ్మాయి ప్రశ్న వీడియో చూస్తే పుట్టేదని నేను అనుకోను.

నేను చెప్పేది ప్రోటీన్ల పాఠం, నా ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు ఉంది, ఆదేశాలు టైపు చేయడం నాకు ఇష్టం. ఈ మూడూ ఉన్నవారికి, అందులోనూ బోధనకు ఉచితం కాబట్టి, కైమెరాఎక్స్ వాడమని నిస్సంకోచంగా చెబుతాను. ఇంటర్మీడియట్‌లో మీథేన్, అమ్మోనియా ఆకారాలు చూపించేవారికి ఇంత సరంజామా అక్కర్లేదు, బ్రౌజర్‌లో నడిచే జేఎస్‌మోల్ చాలు.